గాయపడిన కాలికి నాట్యం నేర్పిన నడక

కడప నుండి రాజంపేటకు పోయే దారిలో, సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన ఒంటిమిట్ట ఉన్నది. అక్కడి కోదండరామస్వామి ఆలయాన్ని 1652లో ఆ దారిన వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూచి మెచ్చుకొన్నాడు. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయిన తరువాత, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను అధికారికంగా ఒంటిమిట్టలోనే జరుపుతున్నది. ఇటువంటి ఉత్సవాలలో రాయలసీమ పల్లెల చెక్కభజన, కోలాటం బృందాలవారు తమ విద్యను ప్రదర్శిస్తారు.

చెక్కభజనను భక్తితో చూచేవారు చాలామంది ఉన్నారు. శరీరశాస్త్ర దృష్టితో గమనించినా అది ఆసక్తి కలిగించే విషయమే. ఆడేవారి కాళ్లకు గజ్జెలు, చేతులలో చెక్కలు ఉంటాయి. గురువు పాట ఎత్తుకొని అడుగు చూపిస్తాడు. మొదట అడుగు నిదానంగా పడుతుంది. ఒక కాలిమీద బరువు నిలిపి రెండవ కాలు లేపడం, ముందుకు వేసి వెనుకకు తీయడం, పక్కకు తిరగడం, వంగి లేవడం, ఇవన్నీ తాళానికి కట్టుబడి సాగుతాయి. అడుగు కుదిరిన కొద్దీ వేగం పెరుగుతుంది. ఒక్కడు తప్పినా వరుస అంతా చెదురుతుంది గనుక ప్రతివాడూ ఒక చెవి తాళం మీద, ఒక కన్ను పక్కవాని కాలి మీద ఉంచి ఆడవలసి ఉంటుంది.

ఇది ఆరోగ్యవంతుల ఆట అనీ, కాలు విరిగినవాడూ, చీలమండ బెణికినవాడూ, కాలు పోగొట్టుకొన్నవాడూ దూరాన కూర్చొని చూడవలసిందే అనీ సాధారణంగా అనుకొంటారు. కాని గాయపడిన కాలు తిరిగి పనికిరావడానికి ఏమేమి కావాలో వైద్యులు నూరేళ్లకు పైగా పరిశోధించి తెలుసుకొన్న విషయాలను వరుసగా చూస్తే, వాటిలో అనేకం నాట్యశిక్షణలో ముందే ఇమిడి ఉన్నట్లు తెలుస్తుంది. దీనికి ఒక గొప్ప ఉదాహరణను 1985లో తెలుగు ప్రేక్షకులు వెండితెర మీద చూచారు. ఆ ఉదాహరణలోని శాస్త్రం బోధపడాలంటే, ముందు గాయానికీ విశ్రాంతికీ ఉన్న సంబంధం ఎట్టిదో తెలియాలి.

విశ్రాంతి వలన మేలు, కీడు

విరిగిన ఎముక అతుకుకోవాలంటే కదలకుండా ఉండాలి. ఈ సత్యం నాటువైద్యులకు తరతరాలుగా తెలుసు. రాయలసీమలో ఇంటింటా వినబడే పుత్తూరు కట్టులో ఆకుపసరు పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టడంలోని ముఖ్యోద్దేశం ఇదే. 19వ శతాబ్దిలో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో హ్యూ ఒవెన్ థామస్ అనే వైద్యుడు ఈ సూత్రాన్నే పట్టుదలతో బోధించాడు. ఆయన కూడా వేల్సు దేశపు కట్టువైద్యుల వంశంలో పుట్టినవాడే. ఆయన రూపొందించిన ఇనుప చట్రం మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులెందరి ప్రాణాలనో కాపాడింది.

అయితే విశ్రాంతి మితిమీరితే మరొక కీడు వస్తుంది. కట్టు విప్పిన కాలు సన్నబడి ఉండడం అందరూ చూచినదే. పని లేని కండరం కొద్ది వారాలలోనే క్షీణిస్తుంది. కీలు బిగుసుకొంటుంది. బరువు మోయని ఎముక నుండి సున్నపు పదార్థం తగ్గిపోతుంది. జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథంలో, ఎముక తనపై పడే బరువును బట్టి తన లోపలి కట్టడాన్ని మార్చుకొంటుందని నిరూపించ యత్నించాడు. ఆయన చెప్పిన గణితంలో తరువాతివారు సవరణలు చేసినా, మూలభావం నిలిచింది. ఎముక ప్రాణమున్న ధాతువు. మోసే పని ఉంటేనే అది బలంగా ఉంటుంది.

ఇంచుమించు అదే కాలంలో, 1895లో, ఫ్రెంచి శస్త్రవైద్యుడు లూకా షాంపియోనియేర్ విరిగిన అవయవాలకు మర్దనం, మితమైన కదలిక త్వరగా ఆరంభించాలని వాదిస్తూ గ్రంథం వ్రాశాడు. అప్పటికి అది ఎదురీత. నేడు అస్థివైద్యులందరూ ఈ రెండు మతాలనూ కలిపి అనుసరిస్తున్నారు. అతుకుకొనే వరకు కట్టు, అతుకు గట్టిపడుతున్నకొద్దీ క్రమంగా కదలిక, ఆపైన బరువు, ఇదీ క్రమం.

కళ్లు మూసినా తెలిసే కాలు

బలం తిరిగి వచ్చినంత మాత్రాన నడక తిరిగి రాదు. దీనికి కారణం మరొకటి ఉన్నది. కళ్లు మూసుకొని కూర్చున్నవానికి కూడా తన మోకాలు ముడుచుకొని ఉన్నదో, చాచి ఉన్నదో తెలుస్తుంది. కండరాలలో, కండరాలను ఎముకకు బంధించే నరాలలో, కీళ్లలో ఉండే సూక్ష్మమైన జ్ఞానేంద్రియాలు ఈ సమాచారాన్ని క్షణక్షణం మెదడుకు పంపుతుంటాయి. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1906లో ప్రచురించిన గ్రంథంలో ఈ జ్ఞానానికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, దాని పనిని వివరించాడు. నాడీమండలంపై చేసిన పరిశోధనలకు ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ జ్ఞానాన్ని తెలుగులో స్థితిజ్ఞానం అనవచ్చును.

దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. ఒక విద్యార్థిని గోడ పక్కగా, ఒంటికాలిమీద నిలబడమని చెప్పి ఎంతసేపు నిలువగలడో లెక్కపెట్టాలి. తరువాత కళ్లు మూసుకొని అట్లే నిలబడమనాలి. రెండవసారి చాలా త్వరగా తూలిపోతాడు. కళ్లు తెరచి ఉన్నప్పుడు చూపు చేసే సహాయం ఎంతో దీనివలన తెలుస్తుంది. కళ్లు మూసుకొన్నా ఆ కొద్దిసేపు నిలువగలిగాడంటే, అందుకు లోపలిచెవిలోని తూకపు ఇంద్రియమూ, కాలిలోని స్థితిజ్ఞానమూ కారణాలు. ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కన మరొకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

షెరింగ్టన్ గ్రంథం వెలువడడానికి ముందే స్విట్జర్లాండులో హైన్రిక్ ఫ్రెంకెల్ అనే వైద్యుడు ఈ జ్ఞానం పోగొట్టుకొన్న రోగులకు చికిత్స చేశాడు. వారి కండరాలలో బలం ఉన్నది. కాని వెన్నుపాములోని నాడీతంతువులు చెడిపోయినందువలన కాలు ఎక్కడ ఉన్నదో వారికి తెలియదు. అడుగు వేస్తే ఎక్కడో పడుతుంది. ఫ్రెంకెల్ నేలమీద పాదాల గుర్తులు గీసి, అంకెలు లెక్కపెడుతూ, ఆ లెక్క ప్రకారం నిదానంగా అడుగులు వేయించాడు. కంటితో చూస్తూ, చెవితో వింటూ, మాటిమాటికీ అదే అడుగు వేయగా నడక కొంత కుదిరింది. ఆయన అభ్యాసాలు ఆయన పేరుతోనే నేటికీ వాడుకలో ఉన్నవి. నేలపై గుర్తులు, నోటితో లెక్క, నిదానమైన అడుగు, మళ్లీ మళ్లీ చేయడం అంటే ఏ నాట్యాచార్యుడికైనా తన తొలిపాఠమే గుర్తుకు వస్తుంది.

సామాన్యమైన బెణుకులోనూ ఈ సంగతి ఇమిడి ఉన్నదని 1965లో ఫ్రీమన్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు చెప్పాడు. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతుంటుంది. కీలు బంధనాలు తెగినప్పుడు వాటిలోని జ్ఞాననాడులు కూడా దెబ్బతింటాయనీ, అందువల్ల కాలు తప్పటడుగును సకాలంలో కనిపెట్టలేకపోతుందనీ ఆయన అభిప్రాయం. అటూ ఇటూ ఒరిగే పలకమీద నిలబడి తూకం నేర్చుకొన్నవారిలో ఈ ఇబ్బంది తగ్గడం ఆయన గమనించాడు. అంటే గాయం మానడం ఒక పని. మానిన కాలికి మళ్లీ విద్య నేర్పడం మరొక పని. ఈ రెండవ పని ఎంతవరకు సాధ్యమో చూపిన ఉదాహరణకు నేపథ్యం రాజస్థాన్‌లో ఆరంభమైంది.

జయపూరు పాదం

1960వ దశకంలో జయపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ప్రమోద్ కరణ్ సేఠీ అస్థివైద్యుడుగా ఉండేవాడు. కాలు పోయినవారికి అప్పట్లో ఇస్తున్న కృత్రిమ పాదాలు పాశ్చాత్య దేశాల పద్ధతిలో తయారైనవి. అవి బూటులో ఇమిడి ఉండడానికి తగినవి. చీలమండ దగ్గర తగినంత వంగవు. మన పల్లెలో మనిషి చెప్పులు లేకుండా నడుస్తాడు, చేనిలో దిగుతాడు, గొంతుక్కూర్చుంటాడు, బాసింపట్టు వేసుకొని అన్నానికి కూర్చుంటాడు. ఈ పనులు చేయలేని పాదాన్ని రోగులు కొన్నాళ్లు వాడి మూలన పెట్టేవారు.

అదే ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పుతున్న రామచంద్ర శర్మ అనే శిల్పి ఈ లోపాన్ని పట్టించుకొన్నాడు. ఆయన పెద్దగా చదువుకొన్నవాడు కాడు. రబ్బరు టైర్లు బాగుచేసే విధానం ఆయనకు మార్గం చూపింది. మెత్తని రబ్బరు దిమ్మెలు మడమకూ, పాదం ముందుభాగానికీ, కొయ్యదిమ్మె చీలమండకూ పెట్టి, వాటిని గట్టి రబ్బరుతో చుట్టి, పాదం ఆకారపు అచ్చులో వేడిచేసి ఒకే ముద్దగా చేశారు. 1968 ప్రాంతంలో రూపొందిన ఈ పాదమే జయపూరు పాదంగా ప్రసిద్ధికెక్కింది. ఇది పైకీ కిందికీ వంగుతుంది, పక్కలకు ఒరుగుతుంది, కొంత మెలితిరుగుతుంది. నీటిలో తడిసినా చెడదు. చెప్పు అవసరం లేదు. ధర తక్కువ. ఈ కృషికి సేఠీకి 1981లో మాగ్సేసే బహుమతి లభించింది. 1975లో జయపూరులో స్థాపితమైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ పాదాన్ని దేశదేశాలకు చేర్చింది.

మయూరి

సుధాచంద్రన్ బొంబాయిలో పెరిగి, చిన్ననాటి నుండి భరతనాట్యం అభ్యసించిన బాలిక. 1981 మే నెలలో తమిళనాడులో తిరుచిరాపల్లి సమీపాన జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె కాళ్లకు గాయాలయ్యాయి. కుడికాలి గాయంలో గాంగ్రీను అనే కుళ్లు పట్టింది. ఆ కుళ్లు పైకి పాకితే ప్రాణానికే ముప్పు. అందువల్ల ఆ కాలిని మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చింది.

సేఠీకి బహుమతి వచ్చిన వార్తను ఆమె పత్రికలో చదివి జయపూరుకు వెళ్లింది. అక్కడ కృత్రిమ పాదం అమర్చారు. కాని పాదం అమర్చిన నాడే నాట్యం రాలేదు. మొదట నిలబడడం, తరువాత నడవడం, ఆ తరువాతనే నాట్యపు అడుగులు. తొడుగులో ఒరుసుకొని మొండికాలి నుండి రక్తం వచ్చిన రోజులు ఉన్నవి. ఇట్లా చాలాకాలం అభ్యాసం చేసి, 1984 జనవరిలో ఆమె బొంబాయిలో మళ్లీ రంగస్థలమెక్కింది.

ఆమె కథను సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, రామోజీరావు నిర్మాతగా, ఉషాకిరణ్ మూవీస్ సంస్థ ‘మయూరి’ అనే తెలుగు చిత్రంగా 1985లో విడుదల చేసింది. ప్రధానపాత్రను ఆమే ధరించింది. ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర బహుమతులలో ఆమె నటనకు న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి లభించింది. 1986లో తాతినేని రామారావు దర్శకత్వంలో ఇదే కథ ‘నాచే మయూరి’గా హిందీలో వచ్చింది. ప్రేక్షకులు ఆమె ధైర్యానికి ముగ్ధులయ్యారు. ఆ ధైర్యానికి తోడుగా పనిచేసిన శరీరధర్మాలను కూడా గుర్తించడం అవసరం.

భరతనాట్యంలో ముఖ్యమైన నిలుపు అరమండి. రెండు మోకాళ్లనూ పక్కలకు వంచి సగం కూర్చొన్నట్లు నిలబడడమే అరమండి. ఇందులో బరువంతా తొడ కండరాల మీద, మోకాలి మీద పడుతుంది. ఆమెకు మోకాలి కీలు మిగలడం పెద్ద మేలు. మోకాలు కూడా పోయి ఉంటే, అరమండిలో కాలిని అదుపుచేయడం ఎన్నో రెట్లు కష్టమయ్యేది.

రెండవది తట్టు. భరతనాట్యంలో పాదమంతా నేలకు తగిలేటట్లు తట్టి అడుగు వేస్తారు. రబ్బరు పాదానికి స్పర్శ లేదు. అది నేలను తాకినదీ లేనిదీ ఎట్లా తెలుస్తుంది? మొండికాలి చర్మంపై తొడుగు కలిగించే ఒత్తిడి ఒక దారి. మోకాలిలో, తుంటిలో మిగిలిన స్థితిజ్ఞానం రెండవ దారి. చెవి మూడవ దారి. పాదం నేలను తట్టిన చప్పుడు, గజ్జెల చప్పుడు, అడుగు తాళానికి ముందు పడిందో, వెనుక పడిందో వెంటనే చెప్పగలవు. తప్పు తెలిసిన మరుక్షణమే దిద్దుకొనే అవకాశం ఉంటే విద్య త్వరగా పట్టుబడుతుందని శాస్త్రజ్ఞుల నిర్ణయం.

మూడవది వేగం. భరతనాట్యంలో ప్రతి అడవునూ మూడు కాలాలలో సాధన చేయిస్తారు. మొదటి కాలంలో కుదిరిన అడుగునే రెండవ కాలంలో రెట్టింపు వేగంతో, మూడవ కాలంలో మరింత వేగంతో వేయాలి. గాయపడిన అవయవానికి భారాన్ని మెట్టుమెట్టుగా పెంచాలని నేటి వ్యాయామచికిత్స చెప్పే సూత్రమూ ఇదే. చెక్కభజన గురువు అడుగు కుదిరిన తరువాతనే వేగం పెంచడంలోనూ ఇదే క్రమం కనబడుతుంది.

తాళం చేసే సహాయం

ఇట్టి సాధనలో తాళం ఉండడం వలన అదనంగా కలిగే లాభమేమి అన్న ప్రశ్నకు 20వ శతాబ్ది చివర సమాధానాలు దొరికినవి. మైకేల్ థౌట్, ఆయన సహచరులు అమెరికాలో జరిపిన ప్రయోగాలు ఇందులో ముఖ్యమైనవి. పార్కిన్‌సన్ వ్యాధి గలవారికి అడుగు చిన్నదై, తడబడుతూ, ఒక్కొక్కప్పుడు నిలిచిపోతుంది. అటువంటివారికి లయ స్పష్టంగా వినిపిస్తూ నడక నేర్పగా, వారి నడక వేగమూ, అడుగు పొడవూ పెరిగినట్లు 1996లో వారు ప్రకటించారు. పక్షవాతం వచ్చినవారిపై జరిపిన ప్రయోగ ఫలితాలు 1997లో వెలువడినవి. మెదడులో వినికిడికి సంబంధించిన భాగాలకూ, కదలికను నడిపే భాగాలకూ దగ్గరి సంబంధం ఉన్నది. రాబోయే దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవి ముందే ఊహించగలదు. కాలు ఆ క్షణానికి సిద్ధమవుతుంది. 2001లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మార్క్ మారిస్ నాట్యబృందం పార్కిన్‌సన్ రోగులకు నాట్యపాఠాలు ఆరంభించింది. ఆ పద్ధతి తరువాత అనేక దేశాలకు వ్యాపించింది.

నాట్యంలో మరొక గుణం ఉన్నది. వైద్యుడు చెప్పిన వ్యాయామాన్ని రోజూ వంద మార్లు చేయాలంటే రోగికి విసుగు పుడుతుంది. నాలుగు రోజులు చేసి మానివేసేవారే ఎక్కువ. అదే కదలిక పాటలో భాగమైతే, పక్కన తోటివారు ఉంటే, లెక్క మరచిపోయి చేస్తారు. నాడీమండలానికి కొత్త నేర్పు పట్టుబడాలంటే మాటిమాటికీ చేయడం తప్ప వేరు మార్గం లేదు గనుక ఈ గుణాన్ని చిన్నదిగా ఎంచరాదు.

జాగ్రత్తలు

ఒక్క సుధాచంద్రన్ విజయాన్ని బట్టి నాట్యం అన్ని గాయాలకూ మందు అని నిర్ణయించడం శాస్త్రపద్ధతి అనిపించుకోదు. ఆమె గాయానికి ముందే ఎన్నో ఏళ్లు నాట్యం చేసిన మనిషి. నాట్యం తాలూకు జ్ఞాపకం ఆమె మెదడులో ఉన్నది. వయస్సు చిన్నది, మోకాలు మిగిలింది. అందరికీ ఈ అనుకూలాలు ఉండవు. పార్కిన్‌సన్ రోగులపై జరిగిన పరిశోధనలను విరిగిన ఎముకకు యథాతథంగా అన్వయించడమూ తప్పే. ఎముక అతుకుకోకముందే గెంతడం వలన అతుకు జారిపోయే ప్రమాదం ఉన్నది. వాపు, తీవ్రమైన నొప్పి ఉన్న కీలుతో ఆడరాదు. ఎప్పుడు బరువు మోపవచ్చునో వైద్యుడే చెప్పాలి. కృత్రిమ అవయవం కావలసినవారికి తిరుపతిలో దేవస్థానంవారి బర్డ్ ఆసుపత్రి వంటి సంస్థలు ఉన్నవి. అవయవం తెచ్చుకొన్న తరువాత దానితో నడవడం శిక్షకుల వద్ద నేర్చుకొనడం కూడా అంత ముఖ్యమే.

ఈ హద్దులు తెలిసిన మీదట, పాఠశాలలలో సాధారణంగా జరిగే ఒక పొరపాటును సవరించవచ్చును. చేతికో కాలికో కట్టు విప్పించుకొని బడికి వచ్చిన పిల్లవానిని వ్యాయామపు గంటలో చెట్టు క్రింద కూర్చోబెడతారు. పడిపోతాడేమోనన్న భయంతో, వార్షికోత్సవపు కోలాటంలోనూ చేర్చుకోరు. ఏడాది గడిచేసరికి కాలు నయమైనా, తాను ఆటకు పనికిరానన్న భావం వానిలో నాటుకొంటుంది; కదలిక లేక కాలూ బలహీనంగానే ఉండిపోతుంది. వైద్యుడు అనుమతి ఇచ్చిన తరువాత అటువంటి పిల్లవానిని మొదట కూర్చోబెట్టే తాళం వేయించవచ్చును. తరువాత తోటివాని భుజం పట్టుకొని నిలబడి బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చమనవచ్చును. ఆపైన నిదానపు అడుగులతో వరుసలో చేర్చవచ్చును. వేగం అన్నిటికంటె చివర. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. ఒక జత కోలలు, లెక్క తప్పకుండా తాళం చెప్పగల ఉపాధ్యాయుడు ఉంటే చాలును.